శ్రావణి పేరు చెప్పి కోసిన నిమ్మకాయ

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్లతో పోట్లాట పెట్టుకోవడం కూడా నాకు అలవాటే. గాల్లోంచి విభూది తీయడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం లాంటివి స్టేజీ మీద నేనే చేసి చూపించి, ఆ తర్వాత గుట్టు విప్పుతాను. రావులపాలెం చుట్టుపక్కల స్కూళ్లలో చాలా చోట్ల చేశాను. మా ఆయన నన్ను మంత్రగత్తె అని ఏడిపిస్తుంటారు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే మీకు నవ్వు రావచ్చు, నవ్వుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మా స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే శ్రావణికి ఫిట్స్ వచ్చేవి. వాళ్లమ్మ మంగతాయారు ఏటిగట్టు మీద చేపలు అమ్ముతుంది. పెద్దాసుపత్రిలో డాక్టరు గారు రాసిన మాత్రలు వేసుకున్నన్నాళ్లూ ఆ పిల్ల శుభ్రంగా ఉంది. ఈలోగా ఎవరో చెప్పారని తుని అవతల ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. అతను పిల్ల తల చుట్టూ నిమ్మకాయ తిప్పి, పేరు చెప్పి కోస్తే, అందులోంచి రక్తం కారిందట. పిల్లకి గాలి సోకింది, మాత్రలు వేస్తే దానికి కోపం వస్తుంది, మానేయండి అన్నాడట. వీళ్లు మానేశారు.

ఫిట్స్ మళ్లీ మొదలయ్యాయి. ఒకసారి నా క్లాసులోనే పడిపోయింది. ఇంకోసారి కాలవ రేవులో బట్టలు ఉతుకుతూ నీళ్లలోకి ఒరిగిపోతే, పక్కనున్న ఆడవాళ్లు జుట్టు పట్టుకుని లాగారు. రేవులో ఎవరూ లేనప్పుడు వస్తే పిల్ల మనకి దక్కదు. ఆ మాటే చెబుదామని వాళ్లింటికి వెళ్లాను.

మంగతాయారు మొండి మనిషి కాదు, భయపడ్డ మనిషి. నిమ్మకాయలోంచి రక్తం కారడం తన కళ్లతో చూశానంటుంది. నాకు ఆ భూతవైద్యుడి మీద ఒళ్లు మండిపోయింది. ఆ రక్తం నేనూ తెప్పిస్తాను, శనివారం స్కూల్లో ప్రోగ్రాం పెడతాను, వచ్చి చూడండి అన్నాను. చాలాసేపు ఆలోచించి, మీరు చూపిస్తే మాత్రలు వేస్తానని మాట ఇచ్చింది.

ఆ ట్రిక్కు చాలా తేలిక. మందార రేకలు కత్తికి రెండు వైపులా బాగా రుద్ది ఆరనివ్వాలి. చూడటానికి కత్తి మామూలుగానే ఉంటుంది. దాంతో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి రసం ఎర్రగా కారుతుంది. ఏమీ రాయని కత్తితో కోస్తే ఉత్త నిమ్మరసమే వస్తుంది. నేను ఎప్పుడూ రెండు కత్తులూ చూపిస్తాను. మందార కత్తి పిడికి గుర్తుగా దారం కట్టుకుంటాను.

ఏ ట్రిక్కు అయినా మాటలతో సహా ప్రాక్టీసు చేయాలి. చేతులు వాటి పని అవి చేస్తుంటే నోరు జనాన్ని పట్టి ఉంచాలి. శుక్రవారం సెలవు వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన పడుకున్నారు. నేను వంటింటి గట్టు మీద పళ్లెం పెట్టుకుని, ఎదురుగా జనం ఉన్నట్టే మాట్లాడుతూ మొదలుపెట్టాను. మందార కత్తితో కోశాను, ఎర్రగా వచ్చింది. తర్వాత మామూలు కత్తి తీసి, ఇప్పుడు శ్రావణి పేరు చెప్పి కోస్తున్నాను, చూడండి అని కోశాను.

అదీ ఎర్రగా వచ్చింది.

కత్తులు మారిపోయాయనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. పిడి చూశాను. దారం లేదు. చేతులూ కత్తీ సబ్బుతో రుద్ది కడిగి, మళ్లీ అదే మాట చెప్పి కోశాను. మళ్లీ ఎరుపే. ఆ కత్తి పక్కన పడేసి, కూరలు తరిగే చాకు తీసి ఏమీ మాట్లాడకుండా కోశాను. తెల్లగా వచ్చింది. హమ్మయ్య, తప్పు కత్తిదే అనుకున్నాను. అదే నిమ్మకాయ రెండో చెక్క పెట్టి, అదే చాకుతో, ఈసారి శ్రావణి పేరు చెప్పి కోశాను. పళ్లెంలోకి ఎర్రగా కారింది.

పిల్లలకి నేనే చెబుతాను కదా, ఒక్కో మార్పు చేసి చూడాలని. నా పేరు చెప్పి కోశాను, తెలుపు. మా ఆడపడుచు కూతురి పేరు చెప్పి కోశాను, తెలుపు. ఆ పిల్ల పేరు చెబితే మాత్రం ఎరుపు. మందార రసమైతే పల్చగా, గులాబీ రంగు కలిసినట్టు ఉంటుంది. ఇది చిక్కగా, వేలికి జిగురుగా అంటుకుంది. వాసన చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

మా ఆయన్ని లేపాను. తనని ఆటపట్టిస్తున్నాననుకుని ఆయనే చాకు తీసుకుని, శ్రావణి అని గట్టిగా అని కోశారు. తెల్లగా వచ్చింది. ఇందుకా నా నిద్ర పాడుచేశావు అన్నారు. ఆయన చేతిలోంచి చాకు తీసుకుని, మిగిలిన చెక్కని నేను పేరు చెప్పి కోశాను. ఎర్రగా కారింది. ఆయన పళ్లెం తీసి కుళాయి కింద పెట్టేశారు.

"ఇదొక్కటీ వదిలేయ్. మిగతావి చేసుకో," అన్నారు.

ఎలా వదిలేస్తాను? మంగతాయారు వచ్చేదే దీని కోసం. మానేస్తే మేడమ్ గారు కూడా భయపడ్డారు అనుకుంటుంది, పిల్లకి మాత్ర అన్నది ఇక ఉండదు. ఆలోచించి ఆలోచించి, స్టేజీ మీద పేరు ఎత్తకుండా కోసేద్దామని తేల్చుకున్నాను.

శనివారం స్కూలు ఆవరణలో ప్రోగ్రాం. మంగతాయారు ముందు వరసలో కూర్చుంది, పక్కన శ్రావణి. విభూది, కర్పూరం అయ్యాయి. మందార కత్తితో నిమ్మకాయ కోస్తే జనం ఉలిక్కిపడ్డారు. పువ్వు చూపించి గుట్టు చెప్పాను. తర్వాత మామూలు కత్తితో కోశాను, ఎవరి పేరూ చెప్పలేదు. తెల్లటి రసం వచ్చింది. చప్పట్లు కొట్టారు. గండం గట్టెక్కింది అనుకున్నాను.

మంగతాయారు లేచి నిలబడింది.

"మీరు మా పిల్ల పేరు అనలేదండి. ఆ తుని ఆయనైతే పిల్ల పేరెట్టి కోశారండి. శ్రావణి అని చెప్పి కోయండి, మేడమ్ గారు."

చప్పట్లు ఆగిపోయాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. కుదరదంటే ఆ తల్లికి ఇంకేం చెప్పక్కర్లేదు. కత్తి పట్టుకున్నాను, పేరు చెప్పాను, కోశాను. నా వేళ్ల మధ్య నుంచి ఎర్రగా మోచేతి దాకా కారింది.

చేపల రక్తం రోజూ చూసే మనిషి. దగ్గరికి వస్తే కనిపెట్టేస్తుంది. ఆ చెక్కల్ని వెంటనే పక్కనున్న బకెట్ నీళ్లలో పడేసి, చెయ్యి కూడా ముంచేశాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియకుండా నోరు దానంతటదే నడిచింది. చూశారా, మళ్లీ మందార కత్తే తీశాను, మీలో ఒక్కరైనా గమనించారా, ఆ భూతవైద్యుడు కూడా మిమ్మల్ని ఇలాగే మోసం చేశాడు అన్నాను. పిల్లలు నవ్వారు. మంగతాయారు నవ్వలేదు.

అప్పుడు మా ఆయన కోస్తే తెల్లగా రావడం గుర్తొచ్చింది. ఒక మనిషి ఒక్కసారి కోసింది సాక్ష్యమేంటి? అయినా నాకు అంతకు మించి దారి లేదు.

"మీరే కడిగి, మీరే కోయండమ్మా," అని కత్తి ఆమె చేతికిచ్చాను.

ఆమె కుళాయి దగ్గరికి వెళ్లి, ఇసుకతో కత్తి రుద్దింది, కడిగింది, చీర చెంగుతో తుడిచింది. బుట్టలోంచి తనే నిమ్మకాయ ఏరుకుంది. కూతుర్ని పక్కన నిలబెట్టి, తల చుట్టూ తిప్పి, శ్రావణి అని పేరు చెప్పింది. నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఒక్క వేటుకి కోసింది.

తెల్లగా ఉంది. రెండు చెక్కలూ పిండి చూసింది, నాలుకతో రుచి చూసింది. తర్వాత అక్కడే, అంతమంది ముందు, కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. నా ఏడుపు ఎందుకో ఆమెకి తెలియదు.

"మాత్రలు ఇవాళ్టి నుంచే వెయ్యమంటారాండి?" అని అడిగింది. ఇప్పుడే వెయ్యండి అన్నాను.

అప్పటి నుంచి ఆ పిల్లకి ఫిట్స్ లేవు. పదో తరగతికి వచ్చింది. మాత్రల వల్లే తగ్గింది, అందులో నాకు అనుమానం లేదు. మిగతాదే అంతు పట్టడం లేదు. నా గోళ్లలో మందార పసరు ఉండిపోయిందేమో అనుకుంటే, వేరే పేర్లు చెప్పినప్పుడు ఎందుకు రాలేదు? కాకతాళీయం అనుకుందామంటే ఒక్కసారి కూడా తప్పలేదే? మా ఆయనా నేనూ దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. ఇంట్లో నిమ్మకాయలు ఆయనే కోస్తారు, నేను అడగకుండానే. ఆ భూతవైద్యుడు మోసగాడని ఇప్పటికీ నాలుగు ఊళ్లలో చెబుతాను, గట్టిగానే చెబుతాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపిస్తుంది.

మొన్న క్లాసులో హాజరు వేస్తున్నాను. అందర్నీ పేర్లతో పిలుస్తూ, ఒకచోట మాత్రం తలెత్తి చూసి టిక్కు పెట్టేశాను. శ్రావణి లేచి నిలబడింది.

"మేడమ్, నన్నొక్కదాన్నే పేరు పెట్టి పిలవరేంటండి?"

క్లాసంతా నా వైపు చూసింది. ఏదో ఒక అబద్ధం చెప్పాలి. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది, మీ అమ్మ బాగుందా అని అడిగి, కూర్చోమన్నాను.