అరువిచ్చిన సన్మనస్కుడు

ఈ బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఫాదర్ ముందు పాపసంకీర్తనానికి, పాపాలు ఒప్పుకోవడానికి, మోకరించిన ప్రతిసారీ నాలుక చివరిదాకా వచ్చేది. చిల్లర అబద్ధాలన్నీ ఒప్పుకుని, దీన్ని మాత్రం మింగి లేచేదాన్ని. ఫాదర్‌కు చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టేమో.

డెబ్బైల చివర వరంగల్‌లో సిస్టర్ల హాస్టల్లో చదువుకునేదాన్ని. నర్సంపేట వైపు పల్లె నుంచి సమ్మక్క అనే పిల్ల వచ్చింది, నాకన్నా చిన్నది. వాళ్లు క్రైస్తవులు కారు. అయినా కావలి సన్మనస్కుల పండుగకు, అంటే మనిషిని వెన్నంటి కాచే దేవదూతల పండుగకు, వేసే నాటకంలో సన్మనస్కుడి వేషం సిస్టర్ ఆమెకే ఇచ్చింది. తాతల నాటి నుంచి కతోలికులమైన ఇంటి పిల్లను నేను. నాకేమో గొర్రె వేషం! కడుపు మండిపోయింది.

దూది రెక్కలు కట్టుకుని మురిసిపోతున్న ఆమెను పక్కకు పిలిచాను.

"జ్ఞానస్నానం లేనోళ్లకు కావలి సన్మనస్కుడు ఉండడు. నీకు లేడు, మీ ఇంట్ల ఎవ్వలకు లేడు."

అబద్ధం. పుట్టిన ప్రతి మనిషికీ ఒకరుంటారని సత్యోపదేశం తరగతిలో సిస్టర్ చెప్పింది. హిందూ పిల్లలు ఆ తరగతికి రారు. నేను వెళ్లాను, విన్నాను, తెలిసే అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. రెక్కలు విప్పి నా చేతుల్లో పెట్టింది.

"అక్కా, మా అమ్మ కాన్పు కష్టమై దవాఖానల ఉన్నది. నీ సన్మనస్కుణ్ని జర అమ్మ కాడికి తోలుతవా? ఇంటికొచ్చినంక మళ్ల పంపిస్తం."

"సరే తియ్," అన్నాను. నవ్వు కూడా వచ్చింది.

మర్నాడు ఆదివారం. ధాన్యం లారీలు రాసుకుంటూ పోయే రోడ్డు మీద హాస్టల్ పిల్లలం జంటలుగా చర్చికి నడుస్తున్నాం. సమ్మక్క తన జంటను వదిలి, నా పక్కకు, లారీల వైపుకు వచ్చి చెయ్యి పట్టుకుంది. ఎందుకే అన్నాను.

"నీ సన్మనస్కుడు మా అమ్మ కాడ ఉన్నడు గద. ఆయన మళ్లొచ్చేదాక నిన్నెవలు చూస్తరు?"

పటాల్లోని సన్మనస్కులకు బంగారు జుట్టు, తెల్లని పాదాలు. ఈ పిల్ల కాళ్లకు చెప్పులు కూడా లేవు. లారీ వచ్చినప్పుడల్లా నన్ను లోపలికి నెట్టేది. బావి దగ్గర నేను నీళ్లు తోడుతుంటే నా పావడా అంచు పట్టుకుని నిలబడేది. తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చేదాకా నన్ను వదల్లేదు. ఆ రోజు పరుగెత్తుకొచ్చి, నా భుజం పక్కన ఖాళీకి దండం పెట్టింది. "మస్తు కష్టపడ్డడక్కా," అంది. నేనూ అటు తిరిగి చూశాను. ఏదో ఉందనిపించింది. భయంతో, భక్తితో సిలువ గుర్తు వేసుకున్నాను.

అప్పుడైనా నిజం చెప్పొద్దా? చెప్పలేదు. పండుగ నాడు రెక్కలు నేనే కట్టుకున్నాను. సమ్మక్క గొర్రె అయి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

తమ్ముణ్ని ఎత్తుకోవడానికి ఆమె చదువు మానింది. తర్వాత, నాకు పెళ్లయ్యాక, ఒకసారి నిజం చెబుదామని వాళ్ల ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగాను కూడా. ఊళ్లోకి కాళ్లు రాలేదు. తిరుగు బస్సెక్కాను.

ఎక్కడున్నా, తనకు కావలి లేడనే నమ్ముతూ, పక్కవాళ్లను రోడ్డు లోపలి వైపుకు జరుపుతూ నడుస్తుంటుంది. ఉన్నాడు సమ్మక్కా. నీకు మొదటి నుంచీ ఉన్నాడు. తెలిసే లేడన్నాను.

ఇదిగో, చెప్పేశాను.