ఇటలీ పల్లెకి నేను నేర్పిన హారన్

నవ్వండి, నవ్వండి! మస్కట్‌లో, ఈ దార్సైట్ పేటలో ఇన్నేళ్లుగా కారు దిగకుండా టీ తాగినవాణ్ణి, ఇవాళ దిగి, నడిచి, కౌంటర్ దగ్గర నిలబడి తీసుకున్నానంటే మీకు వింతగానే ఉంటుంది. ఇటలీలో నేను చేసిన ఘనకార్యం వింటే, ఆఫీసుకి కూడా నడిచే పొమ్మంటారు!

మా ఫ్లాట్ ఈ టీ కొట్టు పైనే కదా. పొద్దున్నుంచీ కింద ఒకటే హారన్లు. ఎవడూ కారు దిగడు. పీఁ అంటే చాలు, కొట్టతను కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికొస్తాడు. మా ఆవిడ మాధవికి ఆ మోత అస్సలు పడదు. ఈద్ సెలవులకి ఎక్కడికెళ్దాం అంటే ఒకటే మాట. "ఇటలీ పల్లెటూరు. మ్యూజియాలొద్దు, షాపింగొద్దు. నాలుగు రోజులు నా చెవిన హారన్ పడకూడదు, అంతే!"

షాపింగ్ వద్దందా! ఆ సాయంత్రమే వీసాకి అప్లై చేశాను.

ఎక్కడ దిగాలన్నది పెద్ద పంచాయితీ అయింది. నేను స్టేషన్ పక్కన హోటల్ చూపించాను. రైళ్లలో హాయిగా ఊళ్లు తిరగొచ్చు కదా! "రైలు కూత కూడా హారనే" అంది. బస్టాండ్ పక్కన చూపిస్తే ఫోన్ లాగేసుకుంది. చివరికి తనే కొండ మీద, ద్రాక్షతోటల మధ్య ఒక ఫార్మ్‌హౌస్ పట్టింది. అక్కడికి బస్సు లేదు, రైలు లేదు. మరెలా వెళ్లాలి? మా ఆఫీసులో కడప ఖలీల్ భాయ్ తేల్చేశాడు. "గాడీ లేలో భాయ్! స్టీరింగ్ గూడా మన మాదిరే ఎడమ పక్కనే. మస్కట్‌లో తోలినట్టే తోలేయప్పా!"

ఆ మాటే నా కొంప ముంచింది.

మొదటి రోజు మధ్యాహ్నం. కొండ కింద చిన్న ఊరు. భోజనాలై అందరూ తలుపులేసుకున్నారు. పక్కన మాధవి కళ్లు మూసుకుని, "ఏవండీ, వింటున్నారా? ఏమీ వినిపించట్లేదు!" అంది. పెళ్లయ్యాక ఆ ముఖంలో అంత శాంతి నేనెప్పుడూ చూడలేదు. నాకూ హాయిగా అనిపించింది. హాయిగా ఉంటే నాకు టీ కావాలి. ఎదురుగా కాఫీ కొట్టు! కారాపాను. చెయ్యి దానంతటదే వెళ్లింది.

పీఁ... పీఁ!

ఎవరూ రాలేదు. ఒమన్‌లో ఎవరూ రాకపోతే ఏం చేస్తాం? ఇంకాస్త గట్టిగా కొడతాం. కొట్టాను.

కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. బనియన్‌తో ఒకాయన నిచ్చెన ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు, ఎక్కడ నిప్పంటుకుందనుకున్నాడో! ఒకావిడ మందుల సంచీతో వచ్చి నా చెయ్యి లాక్కుని నాడి చూడ్డం మొదలెట్టింది. చర్చి ఫాదర్ గారు మాధవి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన ఎత్తుకున్నారు. నేను బిత్తరపోయి, నోటికి అలవాటైనదే అనేశాను.

"దో చాయ్. చీనీ కమ్."

నాడి చూస్తున్నావిడ నా నుదురు కూడా పట్టి చూసింది.

మాధవి చున్నీ ముఖం మీదికి లాక్కుని, "ఈయనెవరో నాకు తెలీదని వీళ్ల భాషలో ఎలా చెప్పాలండీ?" అంది. చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చాను. చివరికి కాఫీ కొట్టు ముసలాయనకి నా సైగలు అర్థమయ్యాయి. పొట్ట పట్టుకుని నవ్వి, రెండు కాఫీలు ట్రేలో పెట్టి కారు దగ్గరికే తెచ్చాడు. ఊరంతా చప్పట్లు!

మర్నాటి నుంచి కాఫీకి బుద్ధిగా నడిచే వెళ్లాను. మాధవి కూడా క్షమించేసింది.

తిరిగొచ్చే రోజు పొద్దున్న లగేజీ సర్దుతున్నాం. కొండ కింద ఊళ్లోంచి పీఁ అని వినిపించింది. మాధవి నా వైపు చూసింది. నా చేతిలో చొక్కా తప్ప ఏమీ లేదు! కిందికి దిగి చూద్దుం కదా, కాఫీ కొట్టు ముందు ట్రాక్టర్, దాని వెనక స్కూటర్, ఆ వెనక నిచ్చెనాయన వ్యాను. ఎవరూ దిగట్లేదు, అందరూ హారన్ కొడుతున్నారు. ముసలాయన ట్రే పట్టుకుని ఒకటే పరుగులు. నన్ను చూసి మాత్రం సంబరంగా చెయ్యూపాడు.

విమానం మస్కట్‌లో దిగేదాకా మాధవి చెవుల్లో దూది పెట్టుకునే కూర్చుంది. పోన్లే అని నిన్న మెల్లగా కదిపాను. "వచ్చే ఈద్‌కి ఎక్కడ దిగుదాం? దేంట్లో వెళ్దాం?"

"ఏ ఊరైనా ఫర్వాలేదు" అంది. "కారు మాత్రం వద్దు. మీరూ వద్దు!"