నాయన ప్రార్థన ఆపేసిన ఈస్టర్

పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. మా నాయన సంగారెడ్డి దగ్గర ఒక చిన్న పల్లెలో పాస్టరు. నాకు పదకొండేళ్లు. ఆ చలికాలంలో మశూచి సోకి మా తమ్ముడు యోహాను చనిపోయాడు. నాకూ సోకింది కానీ నేను బతికాను.

ఈస్టరు రోజు తెల్లవారుతుండగా సంఘమంతా సమాధుల దగ్గర చేరింది. చుట్టూ మోదుగులు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. నేను ఒడినిండా పూలు కోసుకొచ్చి తమ్ముడి సమాధి దగ్గర నిలబడ్డాను. నాయన కళ్లు మూసుకుని, ఇంత అందమైన లోకాన్ని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెబుతున్నాడు. నాకు ఉండబట్టలేదు.

"గీ పూలను ఇంత మంచిగ చేసిన దేవుడు తమ్మునికి గా రోగం ఎందుకిచ్చిండు నాయినా?" అని గట్టిగా అడిగేశాను.

ప్రార్థన ఆగిపోయింది. అందరూ నావైపే చూశారు. అమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. నాయన కొడతాడేమో అనుకున్నాను.

ఆయన వచ్చి నా పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"నాకు తెల్వది బిడ్డా. యేసయ్య గూడ దోస్తు సమాధి కాడ ఏడ్చిండు. గంతవరకే నాకు తెలుసు," అన్నాడు.

తర్వాత అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు. తమ్ముడు పోయిన రోజున కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు. కాసేపటికి ఇద్దరం కలిసి ఆ పూలన్నీ సమాధి మీద పేర్చాం.

ఇప్పుడు నాకు మనవలున్నారు. నా ప్రశ్నకు జవాబు ఇంకా దొరకలేదు. ఆ పొద్దున నాయన ఏదో ఒక జవాబు చెప్పి ఉంటే మాత్రం, నేను మళ్లీ ప్రార్థన చేసేదాన్ని కాదేమో.