పెళ్లి కాని అధ్యక్షుడు

పత్తికొండలో మా కులం వర్తకులకు రెండు సంఘాలు ఉండేవి. పెళ్లయినవాళ్లది పెద్దల సంఘం, కానివాళ్లది యువజన సంఘం. వయసుతో పని లేదు. ఇరవై రెండేళ్లకే తాళి కట్టినవాడు మర్నాటి నుంచి పెద్దమనిషి. క్రికెట్ జట్టులోంచి పేరు తీసేసి, సంతాప సభల్లో ముందు వరుస కుర్చీ ఇచ్చేవాళ్లు.

నేను ముప్పై దాటినా యువజన సంఘంలోనే ఉన్నాను, అధ్యక్షుడిగా. నాతో చేరినవాళ్లంతా ఒక్కొక్కరే పెద్దలైపోయారు. మంత్రాలయంలో భక్తులకు మజ్జిగ పోయడం, పిల్లలను మహానందికి తీసుకుపోవడం, రక్తదానం నాడు కళ్లు తిరిగి పడేవాళ్లను పట్టుకోవడం నా పనులు. ఇష్టంగానే చేసేవాణ్ణి.

ఆ ఏడు కర్నూలులో వధూవరుల పరిచయ సభ పెట్టారు. పెద్దల సంఘం అధ్యక్షుడు బట్టలంగడి ఆయన, నాకు వరసకు మామ. నన్ను అడక్కుండానే నా ఫోటో పంపేశాడు. అందులో నేను మజ్జిగ బక్కెటుతో ఉన్నాను. కింద "బుద్ధిమంతుడు" అని రాయించాడు. నంద్యాల నుంచి, ఎమ్మిగనూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆ ఆడపిల్లల తల్లిదండ్రులకు అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ చూసి మామ అంగడికి వెళ్లాను.

"మామా, ఆ ఫోటో వెనక్కి తెప్పించు. నాకు ఆడపిల్లల మీదికి మనసు పోదు. మొగోళ్ల మీదికే పోతాది. చిన్నప్పటి నుంచీ అంతే."

ఆయన చేతిలో ఉన్న పంచెను మడిచాడు. విప్పి మళ్లీ మడిచాడు.

"మీ నాయనకు తెల్సునా?"

"చెప్పినా."

"ఏమన్యాడు?"

"మండీలో టమోటా ధర నిలబడినాంక మాట్లాడదాం అన్యాడు. రెండేండ్లయింది."

ఆయన సానుభూతిగా తల ఊపాడు. అది నా మీదో, టమోటా మీదో తెలియలేదు.

"అంటే నువ్వు పెండ్లే చేసుకోవా?"

"చేసుకోను."

"అట్లయితే పెద్దల సంఘంలోకి ఎప్పుడొస్తావప్పా?"

తిడతాడనో, మా అమ్మను పిలిపిస్తాడనో అనుకుని గుండె గట్టి చేసుకుని పోయాను. ఈ ప్రశ్నకు మాత్రం సిద్ధపడి పోలేదు.

ఈసారి నన్ను అడిగాకే, ఆదివారం రెండు సంఘాలనూ కూర్చోబెట్టాడు. "మనోడు మొగోళ్లను ఇష్టపడే మనిషి. అది వాని సొంత సంగతి. మన సంగతి ఏమంటే, నిబంధన ప్రకారం వీడు ముసలోడైనా యువకుడే. దీనికేం చేద్దాం?"

ఎరువులంగడి అతను లేచాడు. నాకంటే చిన్నవాడే, పెళ్లయి ఎప్పుడో పెద్దల్లో కలిశాడు.

"అది గాదు మామా. ఇట్లాంటోనితో పిల్లోళ్లను యాత్రకు ఎట్ల పంపేది?"

ఆ మాట లోపల గుచ్చుకుంది. నేను నోరు తెరిచేలోపే వెనక వరుసలోంచి నూనె మిల్లు వాళ్లావిడ అందుకుంది.

"ఇన్నేండ్లు ఈయప్పతోనే పంపినాం. ఒక్కనికి జలుబు గూడా చెయ్యలే. పోయిన తూరి ఒక్కటీ నీతో పంపితే, మహానంది కోనేటికాడ నా కొడుకును మర్చిపోయి బస్సెక్కినావు."

"వాడు నీళ్లల్లోంచి బయటికి రాలేదక్కా."

"నువ్వు యాడ చూస్తాంటివి మరి?"

అతను కూర్చున్నాడు. ఎవరో పెళ్లి సంగతి తీసేసి వయసు పెడదామన్నారు: నలభై లోపు యువజనులు, దాటితే పెద్దలు. హాల్లో సగం చేతులు ఒక్కసారి లేచాయి. నా మీద ప్రేమతో కాదు. పెళ్లి చేసుకుని క్రికెట్ పోగొట్టుకున్న కుర్రాళ్ల చేతులవి. తీర్మానం నెగ్గింది. ఒకాయన మాత్రం లేచి వెళ్లిపోయాడు, తన కొడుకును కూడా సంఘం మాన్పించాడు. ఆ అబ్బాయి బాగా బౌలింగ్ చేసేవాడు. ఇప్పుడు బజారులో కనబడితే తల వంచుకుని పోతాడు. ఆ బాధ నాకింకా ఉంది.

కొత్త నిబంధనతో ఎరువులంగడి అతను మళ్లీ యువకుడై నా కిందికి వచ్చాడు. కొన్నాళ్లు మూతి ముడుచుకునే తిరిగాడు. మంత్రాలయం పోయే బస్సులో వేరే సీటు దొరక్క నా పక్కన కూర్చున్నాడు.

"నీకు ఎవురన్నా ఉండారా?" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

"ఉండాడు. కడపలో. బళ్లో లెక్కలు చెప్తాడు."

"మంచిది."

ఆదోని దాటాక మళ్లీ అడిగాడు. "మనోళ్లేనా?"

"కాదు."

అతను బస్సులో అటూ ఇటూ చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "ఆ మాట మాత్రం పెద్దోళ్లకు చెప్పొద్దప్పా" అన్నాడు. "ఒప్పుకోరు."

నేను కిటికీ వైపు తిరిగి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఎందుకో తెలియకపోయినా అతనూ నవ్వాడు. మా స్నేహం ఆ బస్సులోనే కుదిరింది.

పెద్దలకు నేనే చెప్పాను, మరుసటి ఏడు. కడప అతని కులం వినగానే మామ మొహం మాడ్చుకున్నాడు. కొన్నాళ్లు నేను నమస్కారం పెడితే పైకప్పు వైపు చూసేవాడు. ఆయన కూతురి పెళ్లికి పిలుపు మాత్రం మా ఇద్దరికీ కలిపే వచ్చింది.