వంటింటి మూల వదిలిన గచ్చు

మొన్న ఆదివారం, మా వీధి చివర పాత ఇల్లు కొనుక్కున్న ఒక యువ జంట మా వంటిల్లు చూడడానికి వచ్చారు. వాళ్ళది కూడా మా ఇంటిలాగే ముందు దుకాణం, వెనక కాపురంగా కట్టిన ఇల్లు. ఇరుకు వంటింటిని పాత అందం పోకుండా ఈ కాలానికి వీలుగా మార్చుకోవాలని వాళ్ళ కోరిక. విజయనగరంలో అలా చేయించిన వాళ్ళెవరని వాకబు చేస్తే ఎవరో మా ఇల్లు చూపించారట. అన్నీ చూసి మెచ్చుకున్నారు. నల్లరాతి గట్టు గోడ దాకా వెళ్ళకుండా రెండు మూరల ముందే ఆగిపోవడం, ఆ మూల ఎర్ర గచ్చు, గచ్చులో పాతిన రోలు ఉండడం చూసి, ఇలా ఎందుకు వదిలారని ఆ అమ్మాయి అడిగింది.

ఊళ్ళో చెట్లన్నీ కూలిన ఆ పెద్ద తుఫానుకి ముందు ఏడాది, వేసవిలో చేయించాం ఈ పని. అప్పటి వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండేది కాదు. గ్యాసు పొయ్యి వచ్చాక కూడా అమ్మ దాన్ని నేల మీదే, రెండు ఇటుకల మీద పెట్టించుకుని, పీట వేసుకుని కూర్చునే వండేది. మన వయసు వాళ్ళందరి ఇళ్ళలోనూ అలాగే జరిగింది కనక వివరించనక్కరలేదు. మోకాళ్ళ నొప్పులతో నా భార్య కింద కూర్చోలేకపోవడంతో గట్టు తప్పనిసరి అయింది.

పని జరిగినన్నాళ్ళు దుమ్ములో ఉండలేదని అమ్మని అరసవల్లిలో మా పెద్దమ్మ ఇంటికి పంపాను. పాత కట్టడాల గురించి నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణి కావడంతో, దేన్ని ఉంచాలో దేన్ని తీయాలో నాకు బాగా తెలుసుననుకున్నాను. పొగకి నల్లబడ్డ టేకు దూలాలు తుడిపించి ఉంచాను. గోడ బీరువాకి పాత తలుపులే మళ్ళీ బిగించాను. చిన్న కిటికీ చువ్వలు మార్చనివ్వలేదు. అమ్మ కాపురానికి వచ్చిననాటి ఇత్తడి గిన్నెలు తోమించి పై అరలో వరసగా పెట్టించాను. ఇక నేలలో పాతిన రోలు మిగిలింది. దాన్ని పెకలించి వీధి గుమ్మం పక్కన పెట్టి, నీళ్ళు పోసి పువ్వులు వేస్తే బాగుంటుందనుకున్నాను. మా ఇంట్లో మూడు తరాల పెళ్ళిళ్ళకి పసుపు కొట్టిన రోలు అది.

మేస్త్రి గునపం పట్టుకుని ఆగిపోయాడు.

"బావూ, పాతిన రోలు కదపకూడదంతారు. అమ్మగార్ని ఓ మాట అడిగీసారా?"

అమ్మ వచ్చి చూసి సంతోషిస్తుందని, ముందే చెబితే ఆ సంతోషం ఉండదని చెప్పి తీయించేశాను.

నెల్లాళ్ళకి అమ్మ వచ్చింది. నా భార్య నడుము ఎత్తుకి కొలిచి కట్టించిన గట్టు అమ్మకి గుండెల దాకా వచ్చింది. దూలాలు, బీరువా, గిన్నెలు ఒక్కొక్కటే చూపించాను. అన్నిటికీ తల ఊపి, చివరికి నేలవైపు చూసింది.

"బాగున్నాదిరా. మరి నానెక్కడ కూకుంతాను?"

ఇక నువ్వు కూర్చుని తినడమేనమ్మా అన్నాను. ప్రేమగానే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆ రోజు నుంచి అమ్మ వంటింటి గడప దాటలేదు. హాల్లో కుర్చీలో కూర్చునేది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా, పిలిచినప్పుడు వచ్చి, పెట్టింది తినేది. ఎనభైకి దగ్గరపడిన మనిషికి ఇది విశ్రాంతే అనుకున్నాను. పది రోజులు చూసి నా భార్య అంది:

"పాతవన్నీ జాగర్తగా ఉంచీసారు. అత్తని ఉంచడం మర్సిపోయారు."

మర్నాడు తనే మేస్త్రిని పిలిపించింది. అతను గట్టు చుట్టూ ఒకటికి రెండుసార్లు చెయ్యి వేసి చూసి నవ్వాడు.

"కొత్త బండని కొయ్యమంతన్నారేటమ్మా? ఊరోళ్ళు ఏటనుకుంతారు?"

"నవ్వుకోనీ మేస్త్రీ. నువ్వు కొయ్యి."

కోశాడు. ఆ మేర గచ్చు చేసి, రోలుని తెచ్చి మళ్ళీ పాతాడు. గచ్చు ఆరాక నా భార్య పీట వేసి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ రోజు అమ్మ అరటికాయ కూరకి ఆవ నూరింది. ఇల్లంతా ఆ ఘాటు వచ్చాక అంతా సర్దుకుందనుకున్నాను.

సర్దుకోలేదు. అంతకు ముందు యాభై అరవయ్యేళ్ళు ఆ వంటింట్లోకి ఎవర్నీ అడక్కుండా వెళ్ళిన మనిషి, ఆనాటి నుంచి రోజూ గడప దగ్గర ఆగేది. "ఒసే కోడలా, ఓ గడియ కూకుందునా?" అని అడిగేది. నా భార్య కసిరినా, బతిమాలినా ఆ అడగడం మానలేదు. తుఫాను తరవాత వచ్చిన చలికాలంలో పోయేదాకా అడుగుతూనే ఉంది.

మొన్న వచ్చిన అమ్మాయికి, మా అమ్మ కూర్చునే చోటని మాత్రం చెప్పాను. ఆమె అయ్యో అని, ఫ్రిజ్జుకి ఇలాంటి చోటే సరిపోతుందని భర్తతో అంది. అతను టేపు తీశాడు. రెండో చివర నేనే పట్టుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక పీట వేసుకుని ఆ మూల కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. పాత వంటింట్లో అమ్మకి ఉప్పు, పోపుల పెట్టె, నీళ్ళ బిందె లేవకుండా చేతికందేవని, ఇరుకు మాకే తప్ప ఆమెకి కాదని అప్పుడు తెలిసింది. నేను శ్రద్ధగా కాపాడిన బీరువా తలుపులు, కిటికీ, ఇత్తడి గిన్నెలు అక్కణ్ణించి ఒక్కటీ కనబడవు. నునుపు చేయని బండ అడుగు భాగం, దాని కింద గ్యాసు బండ కనబడతాయి.