తొంభై ఎనిమిది శాతం మాస్టారు

మా గిద్యోను మాస్టారికి కారు నడపడం కంటే దానికి చార్జింగ్ పెట్టడం ఇష్టం. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మా ఊరు కోటలో బస్టాండు పక్కన ఊరంతటికీ ఒకే ఒక చార్జర్ ఉంది. పొద్దున తొమ్మిదికి కారు తెచ్చి గన్ను తగిలించి, లోపల కూర్చుని బైబిలు, పేపరు, కునుకు ఆ వరుసలో కానిస్తారు. ఎప్పుడు తెచ్చినా బ్యాటరీ తొంభై ఎనిమిది. ఇల్లు పక్క సందులోనే, ఇక అది తరిగేదెప్పుడు?

ఊళ్లో కరెంటు బళ్లున్న నలుగురం ఆయన్ని నోరారా తిట్టుకునేవాళ్లం. ఇంకో రెండు శాతం ఎక్కించి ఏం చేస్తారు సార్ అని ఒకసారి అడిగాను. జవాబు చెప్పకుండా నా వ్యానుకు ఎంత ఉందన్నారు. అరవై అన్నాను. అయితే నడువు అన్నారు. ఎవరొచ్చినా అదే ప్రశ్న. శుభలేఖ ఇవ్వబోయినవాణ్ణి కూడా బండికి ఎంతుందని అడిగారట. వాడు వచ్చింది సైకిలు మీద.

పోయిన నెల నా వ్యానులో రొయ్య సీడు, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలు, ఉంది. నీళ్లు, ఆక్సిజను నింపి కట్టిన పన్నెండు సంచులు. పిల్లల్ని పొదిగించే హేచరీలోనే ఆలస్యమైంది. రెండింటిలోపల రొయ్యలు సాగు చేసే వెంకటశేషమ్మక్క గుంటలో వదలకపోతే పిల్లలు చస్తాయి. అక్కకు కిందటి పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. ఇదీ పోతే గుంట ఎండబెట్టుకోవడమే. కోట చేరేసరికి పన్నెండున్నర, బ్యాటరీ నాలుగు. చార్జర్ దగ్గర మాస్టారి కారు. నాకు ఒళ్లు మండింది. గురువని చూడకుండా కడిగెయ్యాలనే దిగాను.

"ఎంతుండాది రా?" అన్నారు అద్దం దించి.

"నాలుగు."

ఆయన వెంటనే దిగి గన్ను పీకేశారు. "సంచులు నా కార్లో పెట్టు. ఏసీ ఏస్తా."

కారు వెనక్కి తీశారో లేదో, ఆ జాగాలోకి సిమెంటు లారీ ముక్కు పెట్టింది. మాస్టారు దిగి లారీకి అడ్డంగా నిలబడ్డారు. డ్రైవరు గొణుక్కుంటూ వెనక్కి పోయాడు.

"చూసినావు గదా. ఖాళీగా ఉంటే ఎవుడో ఒకడు వచ్చి సరుకు దించుతాడు. నీ మాదిరి నాలుగుతో వచ్చినోడు ఏడకు పోవాల?"

నాకు సిగ్గేసింది. వ్యాను చార్జింగు నలభై నిమిషాలు పట్టింది. తలుపు తీస్తే చల్లదనం పోతుందని మాస్టారు ఎండలోనే నిలబడ్డారు. తన అంకె తొంభై అయిదుకి దిగడం అద్దంలోంచి చూసి, తట్టుకోలేక మొహం తిప్పుకున్నారు.

సంచులు మళ్లీ వ్యానులోకి మార్చుకుని, రెండింటికి పది నిమిషాలుందనగా గుంట గట్టు చేరాను. అక్క ఒక సంచిలోని నీళ్లు తెల్ల బేసిన్లో పోసి, చేత్తో గిర్రున తిప్పి వంగి చూసింది. పిల్లలన్నీ సుడికి ఎదురీదుతున్నాయి.

"బతికుండాయి రా" అంది.

ఇప్పుడు ఆదివారం మాస్టారు చర్చిలో ఉండే మూడు గంటలూ ఆ జాగాలో నా వ్యాను ఉంటుంది. మొన్న ఒకాయన, నిండిన బండిని పెట్టుకుని కూర్చోడానికి సిగ్గులేదా అని బస్టాండంతా వినేలా నన్ను తిట్టాడు. ఆయన బండికి యాభై ఉంది, గూడూరు దాకా సుఖంగా పోతుంది. అందుకని మారుమాట్లాడకుండా కూర్చుని తిట్లన్నీ తిన్నాను.