ఉప్పుగాలిని గెలిచిన కంప్యూటర్లు

చిన్నాయన పోయాడని మొన్న పొద్దున నేను పనిచేసే బడికి ఫోను వచ్చింది. నిద్రలోనే పోయాడట. పాఠం ఆపి కంప్యూటర్ గది దాకా వెళ్లి నిలబడ్డాను. లోపల పిల్లలు పని చేసుకుంటున్నారు. ఆ గది ఆయన నిలబెట్టిందే. అదెలాగో మీకు చెప్పాలి.

చిన్నాయన ముత్తుకూరు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అక్కడ పక్కన పడేసిన కంప్యూటర్లను మా హైస్కూలుకు ఇప్పించింది ఆయనే. మాది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి తుప్పు పట్టి, తలుపులకు కొట్టిన మేకులే ఏడాది తిరిగేసరికి పొడిపొడిగా రాలతాయి. కంప్యూటర్లు ఒకదాని వెనక ఒకటి మొరాయించాయి. వెలిగే ఒకటీ అరా కూడా, తెరుచుకునేసరికి పీరియడ్ అయిపోయేది.

రెండేళ్ల కిందట హెడ్మాస్టరమ్మ విసిగిపోయింది. "శనివారం దాకా చూస్తా మాస్టారూ. అప్పటికీ ఆడకపోతే పాతసామాన్లకి వేసేసి, ఆ గదిలో భోజనాల బియ్యం పెట్టించేస్తా" అన్నది. మా పిల్లల్లో చాలామందికి కంప్యూటర్ ముట్టుకునే చోటు ఇంకోటి లేదు.

కబురు చేస్తే చిన్నాయన స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు పట్టుకుని వచ్చాడు. మొదటి కంప్యూటర్ పెట్టె విప్పి అలాగే చూస్తుండిపోయాడు. లోపలంతా కుంకుమ. దసరాకి ఆయుధపూజ చేసి, సరిగ్గా గాలి పోయే చిల్లుల మీదే బొట్లు పెట్టాం. ఫ్యాను అదంతా లోపలికి లాక్కుంది.

"ఎవురు పెట్టినారు ఈ బొట్లు?"

"నేనే" అన్నది హెడ్మాస్టరమ్మ.

"మూతకి పెట్టండి మేడమ్మా, మంచిదే. ముక్కులో కూరబాకండి."

ఆమె కూడా నవ్వేసింది.

కుంకుమ దులిపాడు. మెమరీ ముక్కలు ఊడదీసి, ఉప్పుగాలికి నల్లబడిన వాటి అంచులను మెరిసేదాకా రబ్బరుతో రుద్దాడు. బాగుపడని పెట్టెల్లోని మంచి భాగాలు వేరేవాటికి వేశాడు. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ గుచ్చి కంప్యూటర్లను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. అందులో పాత యంత్రాలకు బరువు కాని రకం ఉందన్నాడు. ఎవరెవరో రాసి, అందరూ ఊరికే వాడుకోండని పెట్టేశారట.

"ఊరికే ఎందుకిస్తారు చిన్నాయనా?"

"నాకూ అర్థం గాలేదురా. రిటైరైనంక శానా దినాలు ఆలోచించినా. ఇట్టా గాదని ఆలోచన మానేసి నేర్చుకున్నా."

శనివారం మధ్యాహ్నం పిల్లలను లోపలికి పిలిచాం. స్విచ్చు వేస్తే తెరలు ఒక్కొక్కటే వెలిగాయి. మంచినీళ్లు తాగొచ్చేంతలో అన్నీ సిద్ధం. తెర మీద మాటలన్నీ తెలుగులో ఉన్నాయి. ఒక అమ్మాయి ఫైళ్ల బొమ్మ కింద వేలు పెట్టి, మెల్లగా, "దస్త్రాలు" అని చదివింది. పాతసామాన్ల బండి ఎక్కాల్సిన కంప్యూటర్లు అవి. హెడ్మాస్టరమ్మ వంటామెను పిలిచి, బియ్యం తన గదిలో దింపించమన్నది.

చిన్నాయన కోసం చుట్టూ చూశాను. ఆయన తెరల వైపే లేడు. మూలనున్న పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, దానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఫ్యాను సాఫీగా తిరుగుతోందా అని వింటున్నాడు. ఎవరూ మాట్లాడబాకండన్నట్టు ఒక చెయ్యి గాల్లోకి ఎత్తి ఉంది.